నోటుబుక్కులో ఎక్కని పందెం

ముందే చెప్పేస్తున్నాను, నాకు పేకాటంటే పడదని కాదు. మా పుట్టింట్లో పెళ్ళంటే విడిదింట్లో ఒక మూల జంపఖానా, దాని మీద రెండు కట్టల పేక ఉండాల్సిందే. మా మేనమామల దగ్గర రమ్మీ నేర్చుకున్నాను, ఇప్పటికీ బాగానే ఆడతాను. కాబట్టి "పేకాట మానెయ్యండి, భజన చేసుకోండి" అని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా గొడవ ఆట మీద కాదు. ఆట పక్కన, ఆట పేరు చెప్పుకుని, ఆటకంటే పెద్దగా జరిగే ఇంకో వ్యవహారం మీద.

మా ఇల్లు తార్నాకలో. మావారిది క్యాంపస్‌లో ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రమైతే చింతచెట్ల కింద పిల్లల సైకిళ్ళు, ఆదివారమైతే ఎవరో ఒకరింట్లో పేక. తర్వాత తలా ఒక అపార్ట్‌మెంట్ కొనుక్కుని తార్నాక, హబ్సిగూడ, నాచారం అని విడిపోయారు. పేక మాత్రం విడిపోలేదు. నెలకి రెండు శనివారాలు మా హాల్లోనే. ఆరుగురు మగాళ్ళు, అప్పుడప్పుడూ గచ్చిబౌలి నుంచి మా ఆడపడుచు కొడుకు.

ఇన్నేళ్ళూ నేనూ సంతోషంగానే ఉన్నాను. ఎందుకంటే వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఒక పొడుగు నోటుబుక్కు. అందులో అందరి పేర్లూ, అంకెలూ. రమ్మీ అయితే ముందే డ్రాప్ కొడితే ఇరవై, మధ్యలో అయితే నలభై, ఫుల్ కౌంట్ ఎనభై. ఆఖర్న లెక్క కడితే ఎవరికీ అయిదు వందలకి మించి పోకూడదని ఒప్పందం. అయిదు వందలంటే ఈ రోజుల్లో నలుగురం సినిమాకి వెళ్ళినా సరిపోదు కదా, పోనీలే, బయట ఎక్కడో తిరగకుండా కళ్ళెదుట ఉన్నారు అనుకునేదాన్ని. మిర్చిబజ్జీలు వేసేదాన్ని. పదకొండింటికి మూడో విడత టీ పెట్టేదాన్ని. "వదినా, మీ చేతి టీ తాగితేనే ముక్కలు పడతాయి" అని మావారి స్నేహితుడొకాయన అంటే మురిసిపోయేదాన్ని కూడా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పోయిన దసరా సెలవుల్లో ఒక రాత్రి టీ ట్రే పట్టుకుని హాల్లోకి వస్తుంటే ఒక మాట చెవిన పడింది. "వాడి ముక్క మీద నాది వెయ్యి పై పందెం" అని.

మాది భీమవరం పక్క పల్లెటూరు. ఆ మాట నాకు కొత్త కాదు. సంక్రాంతి మూడు రోజులూ, కోర్టులు వద్దన్నా, మా వైపు బరులు కడుతూనే ఉంటారు. బరిలో రెండు పుంజులు. పుంజుల వాళ్ళిద్దరి మధ్యా అసలు పందెం. అది అందరికీ తెలిసేదే. కానీ బరి చుట్టూ నిలబడ్డ జనం వాళ్ళలో వాళ్ళు, వేళ్ళు చూపించుకుంటూ, కేకలేసుకుంటూ కాసుకునేది వేరే ఉంటుంది. అదే పై పందెం. మా నాన్న బరి వైపు వెళ్ళేవారు కాదు. "పుంజు గలవాడు పుంజు పోతే ఇంటికి పోతాడమ్మా, పై పందెం కాసేవాడికి ఇంటికి పోవడానికి కారణమే ఉండదు, తర్వాత జత రెడీగా ఉంటుంది" అనేవారు. ఆ మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత తార్నాకలో నా హాల్లో, నా టీ ట్రే ముందు వినపడింది.

ఆ రాత్రి నుంచి ట్రే అక్కడ పెట్టి లోపలికి వచ్చేయకుండా, డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చోవడం మొదలుపెట్టాను. నాలుగు శనివారాలకి మొత్తం అర్థమైంది. మీ ఇళ్ళలోనూ పేక ఉంటే ఇది తెలుసుకోవడం మంచిది, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి రకం, ఆటలోంచి బయటపడ్డవాడి పందెం. రమ్మీలో డ్రాప్ కొట్టినవాడు ఊరికే కూర్చోడు. లేచి అటూ ఇటూ తిరుగుతాడు. ఇద్దరి చేతుల్లోకి తొంగి చూస్తాడు. చూశాక "వీడే షో కొడతాడు, అయిదు వందలు" అంటాడు. చూడనివాడు "సరే" అంటాడు. ఒకడు చూసి కాస్తున్నాడు, ఒకడు చూడకుండా కాస్తున్నాడు. దీన్ని ఆట అంటారా?

రెండో రకం, ముక్కల మీద పందెం. ఎవరు గెలుస్తారన్నదానితో పని లేదు. మూడు ముక్కలాటలో ముక్కలు పంచేముందే "నాకు జత గానీ అంతకు పైది గానీ పడుతుంది, వందకి రెండొందలు ఇస్తావా?" అని. మా ఆడపడుచు కొడుకు వచ్చిన రోజు పోకర్. అయిదు ముక్కలు పంచి, అక్కర్లేనివి పారేసి బదులు తీసుకునే ఆట. అందులో నాలుగు ముక్కలు ఒకే గుర్తువి ఉండి, ఒక్కటి మార్చుకుంటుంటే అందరి చూపూ ఆ ఒక్క ముక్క మీదే. "పడుతుంది", "పడదు", "వందకి మూడొందలు". అరనిమిషంలో వేలు చేతులు మారతాయి.

మూడో రకం వాటా. "నీ చేతిలో నాది పావలా వాటా" అని గుసగుసగా అనుకోవడం. ఇది అన్నిటికంటే పాడుది. మీ చేతిలో నాకు వాటా ఉంటే, మీరు పెంచుతుంటే నేనెందుకు అడ్డం వస్తాను? మంచి ముక్కలున్నా పడేస్తాను. అవతల మూడోవాడు మాత్రం తను ఇద్దరితో విడివిడిగా ఆడుతున్నానని అనుకుంటూ ఉంటాడు. ఎవరూ మోసం చేద్దామనుకోరు, అందరూ పాతికేళ్ళ స్నేహితులే. కానీ మోసం దానంతట అదే జరిగిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మూడు రకాల్లో ఏదీ నోటుబుక్కులో ఎక్కదు. అయిదు వందల కట్టుబాటు నోటుబుక్కుకే. పై పందేనికి హద్దు లేదు, రాత లేదు, సాక్ష్యం లేదు. "తర్వాత చూసుకుందాం" అంటారు, తర్వాత ఫోన్లోంచి పంపేస్తారు. పూర్వం అయితే కనీసం పర్సు తీసి నోట్లు లెక్కపెట్టాలి. వెయ్యి ఇస్తుంటే వేళ్ళకి తెలిసేది. ఇప్పుడు నాలుగంకెల పిన్ను కొడితే అయిపోయింది. పర్సు బరువు మారదు.

మావారి ఫోను చూశాను. ఔను, చూశాను. తప్పంటే అనండి. ఆర్నెల్లలో ఒకే స్నేహితుడికి పన్నెండు సార్లు డబ్బు వెళ్ళింది. అటునుంచి నాలుగు సార్లు వచ్చింది. కూడి తీసేస్తే నలభై ఒక్క వేల చిల్లర. నోటుబుక్కు తీసి చూస్తే ఆ ఆర్నెల్లలో మావారు మొత్తం మీద మూడొందల ఎనభై రూపాయలు గెలిచి ఉన్నారు! నోటుబుక్కు అబద్ధం చెప్పలేదు. నిజంలో చిన్న ముక్క మాత్రం చెప్పింది.

ఆ నలభై ఒక్క వేలు ఎక్కడివి? మా అత్తయ్యగారి వినికిడి మెషీను కోసం పక్కన పెట్టినవి. "వచ్చే నెల కొందాంలే అమ్మా" అని మూడు నెలలుగా వాయిదా వేస్తున్నారు. ఆవిడ పాపం టీవీ సౌండు పెంచుకుని చూస్తుంటే, పేకాట రోజు "అమ్మా, కాస్త తగ్గించు" అని ఈయనే కసురుకున్నారు కూడా.

మా అమ్మాయి డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. దానికి చెబితే తిట్టలేదు, ఏడవలేదు. కరెంటు బిల్లు వెనక లెక్క వేసింది. యాభై రెండు ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చట. అందులో జత గానీ అంతకు పైది గానీ అయ్యేవి 5,660. తక్కిన 16,440 ఉత్త చేతులు. అంటే నాలుగు సార్లలో మూడు సార్లు ఏమీ పడదు. దానికి వందకి రెండొందలు ఇస్తానంటే, ఆడుతూ పోతే కాసినవాడికి సగటున ప్రతి వందలో ఇరవై మూడు రూపాయలు పోతాయి. పోకర్‌లో ఆ ఒక్క ముక్క సంగతి కూడా వేసింది. కనపడని ముక్కలు నలభై ఏడు, కావాల్సిన గుర్తువి తొమ్మిది. అయిదు సార్లకి ఒకసారి కూడా పూర్తిగా పడదు. వందకి మూడొందలు అన్నా మళ్ళీ వందకి ఇరవై మూడు రూపాయలే పోతాయి.

"అమ్మా, ఆ ఇరవై మూడు ఎక్కడికి పోతాయో చూడు" అంది. క్లబ్బయితే క్లబ్బువాడికి పోతాయనుకోవచ్చు. ఇంట్లో? ధర చెప్పినవాడి జేబులోకి. "వందకి రెండొందలు" అని ఎప్పుడూ అనేది ఎవరు? నా చేతి టీ తాగితేనే ముక్కలు పడతాయన్న ఆయనే. ఆయన ఆట మామూలుగానే ఆడతాడు, నోటుబుక్కులో ఓడిపోతూ కూడా ఉంటాడు. పందెం కాయడు, పందెం అమ్ముతాడు. కూరగాయల బండి అతను కూడా కిలో మీద అంత లాభం వేసుకోడు.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను నిజంగా కుదిపేసింది వేరే. మావాడు ఇంటర్ రెండో ఏడు. మంచినీళ్ళు ఇవ్వడానికి హాల్లోకి వెళ్తే, "ఏరా, మీ నాన్న మీద ఎంత కాస్తావు?" అని ఎవరో నవ్వుతూ అడిగారు. వాడు నవ్వుతూనే యాభై అన్నాడు. వాళ్ళ నాన్న గెలిచారు. వాడికి నూట యాభై ఇచ్చారు. ఆ రోజు వాడి మొహం చూశాను. ఎమ్‌సెట్ మాక్ టెస్టులో మంచి మార్కులు వచ్చిన రోజు కూడా ఆ వెలుగు లేదు. మరుసటి శనివారం పిలవకుండానే మంచినీళ్ళు పట్టుకెళ్ళాడు.

వాడికి ఆట రాదు. రమ్మీలో ఏ ముక్క వదలాలో, ఏది పట్టుకోవాలో తెలియదు. పై పందేనికి అవేవీ తెలియక్కర్లేదు. అదే దాని ప్రమాదం. ఆట నేర్చుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. పై పందెం పదిహేడేళ్ళ కుర్రాడికి ఒక్క నవ్వులో వచ్చేస్తుంది.

ఇక వాదనలు. మావారూ ఆయన స్నేహితులూ అన్నవన్నీ రాస్తాను, ఏదీ దాచను.

ఒకటి, "రమ్మీ బుర్ర ఉన్నవాడి ఆట, సుప్రీంకోర్టే చెప్పింది." నిజమే. ఆ కేసు మన పక్కనే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణ అనే ఆయనకీ మధ్య నడిచింది, 1967లో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం అన్నారు. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమన్నారు. మగవాళ్ళు ఇంతవరకే చదువుతారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. వేరే ఏ రకంగానైనా జూదం నడుస్తోందని గానీ, ఆట పెట్టినవాడు లాభం చేసుకుంటున్నాడని గానీ రుజువైతే నేరం అవుతుందని. ఆ "వేరే రకం" మా హాల్లో ఉంది! రమ్మీ ఆడేవాడికి నైపుణ్యం కావాలి, ఒప్పుకుంటాను. సోఫా చేతి మీద కూర్చుని ఇంకొకడి ముక్క మీద వెయ్యి కాసేవాడికి ఏం నైపుణ్యం కావాలి? పైగా ఆ తీర్పు రోజుల్లోనే చట్టం ఆగిపోలేదు. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని మూసేసింది. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ వద్దంది. ఫోన్లో వద్దన్నది సోఫాలో ముద్దవుతుందా?

రెండు, "బయటికి పోయి ఆడితే నయమా?" ఇది బెదిరింపు, వాదన కాదు. ఇన్నేళ్ళూ దీనికే నేను నోరు మూసుకున్నాను. ఇంట్లో ఆడితే నాకు తెలుస్తుందనే కదా ఇంట్లో ఆడమన్నది? నా కళ్ళెదుటే ఉండి నాకు తెలియకుండా జరిగితే, ఇక ఇల్లు అయితేనేం, బయట అయితేనేం? మా కింద ఫ్లాట్ ఆవిడ ఒకసారి అంది, "పత్తాలాటల పోయిన పైసల సంగతి ఊరందరికి తెల్సినంక ఇంట్ల ఆడిదానికి తెలుస్తది అక్కా" అని. అప్పుడు నవ్వాను.

మూడు, "స్నేహితుల మధ్య, ఈ చేతి డబ్బు ఆ చేతికి పోతుంది, ఎక్కడికి పోతుంది?" నలభై ఒక్క వేలు మా అత్తయ్యగారి చెవిలోంచి ఇంకొకరి ఇంటి ఏసీలోకి పోయింది. ఈ చేయి, ఆ చేయి ఒకటే ఎలా అవుతాయి?

నాలుగు, "మరి మీరు ఆడవాళ్ళు తక్కువ తిన్నారా?" ఇది మాత్రం తగిలింది. మా అపార్ట్‌మెంట్ కిట్టీ పార్టీలో తంబోలా ఆడతాం. టిక్కెట్టు ఇరవై రూపాయలు. మధ్యలో "మొదటి లైను నాదే, వంద" అని పక్కావిడతో నేనూ కాశాను. రెండుసార్లు. ఇంట్లో చెప్పలేదు. అది కూడా పై పందెమే, చీర కట్టుకుంది అంతే. మరుసటి నెలే అది మానేశాను, పార్టీలో అందరి ముందూ చెప్పి మరీ మానేశాను. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి. మనం తంబోలాలో కాస్తూ వాళ్ళని పేకలో వద్దనే హక్కు మనకి ఉండదు.

అయిదో మాట ఎవరూ పైకి అనలేదు గానీ మొహాల్లో ఉంది, "సంపాదించేది ఆయన." దీనికి జవాబు నేను చెప్పక్కర్లేదు. ద్రౌపది ఎప్పుడో చెప్పింది. సభలో ఏడుస్తూ కూర్చోలేదు ఆవిడ. ధర్మరాజు ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా అని అడిగింది. అంటే, కాసినదాని మీద కాసినవాడికి హక్కు ఉందా అన్నది ప్రశ్న. భీష్ముడంతటివాడు తేల్చలేకపోయాడు. వినికిడి మెషీను డబ్బు ఎవరిది? సంపాదించినాయనదా, నెలనెలా కూరల్లో, ఆటోల్లో తగ్గించి పక్కన పెట్టినదానిదా, చెవులు వినపడని ముసలావిడదా? ముగ్గురిదీ అయినప్పుడు ఒక్కరు ఎలా కాస్తారు?

ఇంతా చెప్పి ఏం చేశానంటారా? మర్నాడు పొద్దున్న క్యాంపస్‌లో వాకింగుకి వెళ్ళినప్పుడు, ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా గట్టు మీద కూర్చోబెట్టి, కరెంటు బిల్లు చేతికిచ్చాను. అరవలేదు. ఇంట్లో అయితే అరిచేదాన్నే, పిల్లలు వింటారు, ఆయనకి పట్టుదల వచ్చేస్తుంది. ఆయన చాలాసేపు ఆ లెక్క చూశారు. "ఇరవై మూడా?" అన్నారు. ఆయనకి నలభై ఒక్క వేలకంటే ఆ ఇరవై మూడే ఎక్కువ తగిలిందనుకుంటాను. అదృష్టం బాగాలేదనుకోవడం వేరు, పాతికేళ్ళ స్నేహితుడికి తను బేరమని తెలియడం వేరు.

ఆ తర్వాత శనివారం హాల్లోకి నేనే వెళ్ళి నిలబడి చెప్పాను. ఇక్కడ ఆడే ప్రతి రూపాయీ నోటుబుక్కులో ఎక్కాలి. ఎక్కనిది ఈ ఇంట్లో ఆడకూడదు. డ్రాప్ కొట్టినవాళ్ళు కుర్చీలోనే కూర్చోవాలి. ఫోన్లు అన్నీ షూ స్టాండు మీద. పిల్లల్ని ఆటలోకి పిలిచినవాళ్ళకి ఈ గడప దాటి లోపలికి పిలుపు ఉండదు. ఇవి ఒప్పుకుంటే బజ్జీలు, లేకపోతే మంచినీళ్ళు కూడా ఎవరింట్లో వాళ్ళు తాగి రావాలి.

ఒకాయన "అయితే మజా ఏముంటుంది వదినా?" అన్నాడు. ఎవరో మీకు తెలుసు. "పాతికేళ్ళు ఆటలోనే మజా ఉందన్నారుగా అన్నయ్యా" అన్నాను. ఆయన రావడం మానేశాడు. మిగతా నలుగురూ వస్తున్నారు. నిజం చెప్పాలంటే ఇద్దరి భార్యలు నాకు ఫోన్ చేసి, వాళ్ళ ఫోన్లలో ఎంత దొరికిందో చెప్పారు. ఆ అంకెలు వాళ్ళవి, ఇక్కడ రాయను.

అంతా సర్దుకుపోయిందని అనను. మావారు నాతో పది రోజులు ముక్తసరిగా మాట్లాడారు. స్నేహితుడు పోయాడన్న బాధ ఉంది, నా మీద కోపమూ ఉంది. మావాడు ఇంకా క్రికెట్ చూస్తూ "ఈ ఓవర్లో సిక్స్ పడుతుంది, ఎంత?" అంటూ ఉంటాడు. అన్నప్పుడల్లా వాళ్ళక్క "వందకి ఇరవై మూడు" అంటుంది. వాడు గమ్మునైపోతాడు. ఎంతకాలం గమ్మునుంటాడో తెలియదు.

మెషీను మాత్రం కొన్నాం, నా చీటీ పాట ముందే పాడుకుని. మొన్న శనివారం అత్తయ్యగారు తన గదిలోంచే, "రాజు పడేశావేమిట్రా, షో కొట్టేవాడివి కదా" అన్నారు. ఆవిడ కాలంలో ఆవిడా బాగా ఆడేవారట. ఈ సంగతి మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలియదు. ఇప్పుడు ఆవిడకీ ఒక కుర్చీ వేశాం. పందెం పావలా కూడా లేదు. నోటుబుక్కులో మాత్రం ఆవిడ పేరు అందరికంటే పైన ఉంది.